దాటవేసిన వాక్యాలు

మదనపల్లె,
1-7-2024, సోమవారం.

చిరంజీవి సుబ్బలక్ష్మమ్మకు,
అన్న ఉమాపతి ఆశీస్సులు.

మొన్న శనివారం కుప్పంలో నీ ఇంటి నుంచి బయలుదేరి, పలమనేరులో ఒక బస్సు, పుంగనూరులో మరొక బస్సు మారి, క్షేమంగా ఇల్లు చేరాను. క్షేమమన్నది శరీరానికి సంబంధించిన మాట. మనస్సు మాత్రం ఇంకా మీ హాలులోనే, ఆ అట్టపెట్టెల మధ్య ఇరుక్కుని ఉంది.

పదిహేడు పెట్టెలు. కాఫీ వచ్చేలోగా మరొక పని లేక లెక్కపెట్టాను. కుర్చీ మీద మూడు, టీవీ పక్కన అయిదు, దేవుడి గదికి వెళ్లే దారిలో తక్కినవి. నీ కొడుకు ఉదయ్ కిరణ్ తెల్లవారకముందే బెంగుళూరు రైలెక్కి, చీకటి పడ్డాక దిగుతాడు. నీ కోడలు తేజస్విని రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం చేస్తుంది. ఇద్దరూ ఇంత కష్టపడేది ఈ అట్టముక్కలను ఇంట్లోకి చేర్చడానికా? మన నాన్న ఇంట్లో కొత్త వస్తువు వస్తే పదేళ్లపాటు దాన్ని కొత్తదనే పిలిచేవాళ్లం. మీ ఇంట్లో వస్తువు పెట్టెలోంచి బయటపడకముందే పాతబడుతున్నట్టుంది.

ఇంకొకటి. అమ్మ చారు కాచిన తగరపు గిన్నె నీ వాటాకు వచ్చింది. ఆ గిన్నెలో కాచిన చారు కోసమే నేను నాలుగు గంటలు బస్సుల్లో కుదుపులు పడి వచ్చాను. నీ కోడలు స్టీలు గిన్నెలో తెచ్చి వడ్డించింది. అడిగితే నీ కోడలు మాట మార్చింది. గిన్నె ఏమైంది?

అసలు సంగతికి వస్తాను. మీ వదిన పోయిన ఈ నాలుగేళ్లలో ఈ ఇంట్లో తూర్పు గది ఖాళీగా ఉంది. దానికి సున్నం వేయించాను. నువ్వు వచ్చి ఇక్కడ ఉండు. ఇక్కడ పెట్టెలు లేవు, ప్రకటనలు లేవు, నిశ్శబ్దం ఉంది. ఫోను చేయవద్దు, నేను ఫోను మానుకున్నానని నీకు తెలుసు. ఆలోచించినవాడు కాగితం మీద రాస్తాడు. వస్తావో రావో రాసి పంపు.

ఇట్లు,
ఉమాపతి.

~

కుప్పం,
15-7-2024.

పూజ్యులైన అన్నయ్య గారికి,
సుబ్బలక్ష్మమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. తూర్పు గదికి సున్నం వేయించారని తెలిసి సంతోషించాను. తెల్ల సున్నమేనా, లేక వదినకు ఇష్టమని ఆ లేత నీలం కలిపించారా? రావడం గురించి తొందరేమీ లేదు కదా, నిదానంగా ఆలోచిస్తాను. ముందు మీ దగ్గు ఎట్లా ఉందో రాయండి. మీరు ఇక్కడున్న రెండు రోజులూ దగ్గుతూనే ఉన్నారు.

ఆ పెట్టెలు మావి కావు. మా వీధిలో అందరూ ఉద్యోగాలకు పోయేవాళ్లే. పార్సిళ్లు తెచ్చే మనిషి వచ్చేసరికి ఏ ఇంట్లోనూ ఎవరూ ఉండరు. పగలంతా ఇంట్లో ఉండేది నేనొక్కదాన్నే. అందుకని అందరివీ నా దగ్గరే పెట్టి పోతాడు. సాయంత్రం వచ్చి ఎవరిది వాళ్లు తీసుకుపోతారు. ఏమేమి కొంటారో తెలిస్తే మీరు ఒక వారం నవ్వుతారు. రైల్వేలో పనిచేసే మునిశేఖర్ పాదాలు పిసికే యంత్రం తెప్పించుకున్నాడు. అది పిసికిన పిసుకుడుకు రెండు రోజులు కుంటుతూ నడిచాడు. కుట్టుపని చేసే షాహిదా రోజంతా బట్టలు కుట్టి, తనకు మాత్రం కుట్టిన బట్టలే తెప్పించుకుంటుంది. "కుట్టి కుట్టి యాష్టకొచ్చిందమ్మా, నాకోసం ఇంకెవురైనా కుట్టనీ" అంటుంది. ఆ మాటకు నేనేం చెప్పను?

గిన్నె అడుగు చిల్లిపడింది. పుంగనూరులో కళాయి పోసే జిలాన్ దగ్గర బాగుచేయడానికి పిల్లలు ఇచ్చారు.

మీ చెల్లెలు,
సుబ్బలక్ష్మమ్మ.

~

మదనపల్లె,
29-7-2024.

చిరంజీవి సుబ్బలక్ష్మమ్మకు ఆశీస్సులు.

ముందుగా ఒక మెచ్చుకోలు. నా నోట అది అరుదు కనుక భద్రపరచుకో. నీ దస్తూరీ కుదుటపడింది. ఒత్తులు తమ తమ స్థానాల్లో ఉన్నాయి. అరవై నాలుగేళ్ల వయస్సులో నన్ను "మీరు" అని రాయడం కూడా నేర్చుకున్నావు. చిన్నప్పుడు నిన్ను పలక ముందు కూర్చోబెట్టి నేను పడిన శ్రమ ఇన్నాళ్లకు ఫలించింది.

మెచ్చుకోలు ఇక్కడితో సమాప్తం. పెట్టెలు మీవి కావని రాశావు. దొంగసొమ్ము దాచినవాళ్లు కూడా అదే మాట అంటారు. ఊరివాళ్ల పార్సిళ్లకు కాపలా కాయడానికా నువ్వు పుట్టింది? నిన్ను ఇంట్లో గొళ్లెం మాదిరి వాడుకుంటున్నారు. ఈ ఏర్పాటు ఎవరిదో నేను ఊహించగలను. ఉద్యోగం చేసే కోడలికి అత్త ఒక ఉచిత గిడ్డంగి.

ఇక్కడ మాత్రం ఏం తక్కువ? మా పక్కింటి గంగులప్ప రెవెన్యూ ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాడు. ఇంట్లోనే నడవడానికి ఒక యంత్రం కొన్నాడు. బయట వీధి ఉంది, వీధి చివర బడి మైదానం ఉంది, అటుపైన హార్స్లీ హిల్స్ దాకా భగవంతుడు నేల పరిచి పెట్టాడు. ఇవన్నీ కాదని, కరెంటు ఖర్చుపెట్టి, ఉన్నచోటనే నడుస్తాడు. వారం నడిచాడు. ఇప్పుడు దాని మీద తువ్వాళ్లు ఆరుతున్నాయి. వాళ్ల కోడలు మట్టి కుండను ఆన్‌లైన్‌లో తెప్పించింది. కుమ్మరివీధి వాళ్ల ఇంటి వెనుకనే ఉంది. కుండ పగిలి వచ్చింది. దాన్ని తిరిగి పంపడానికి మూడు రోజులు ఫోను పట్టుకుని కూర్చుంది. ఇంత తెలివైన జాతిని నేను ముప్పై ఆరేళ్లు తెలుగు చెప్పి తయారుచేశానంటే నాకే సిగ్గుగా ఉంది.

గిన్నె విషయంలో నీ మాట నమ్మను. అమ్మ చేతిలో నలభై ఏళ్లు చిల్లిపడని గిన్నె మీ చేతిలో చిల్లిపడిందా? పాత సామాను ఇస్తే కొత్త సామాను ఇస్తామని ఏ అంగడివాడో అరిచి ఉంటాడు. నీ కోడలు పరుగెత్తి ఉంటుంది. ఆ పిల్లకు వస్తువు తెలియదు, దాని ధర మాత్రమే తెలుసు. నిజం రాయి.

ఉమాపతి.

~

కుప్పం,
12-8-2024.

పూజ్యులైన అన్నయ్య గారికి,
సుబ్బలక్ష్మమ్మ నమస్కారాలు.

మీ ఉత్తరం విని చాలా సంతోషం కలిగింది. మీ దగ్గు తగ్గిందని రాశారు, అది అన్నిటికంటే మంచి మాట. మిరియాల కషాయం మానకండి. గంగులప్ప గారి యంత్రం సంగతికి కడుపు పట్టుకుని నవ్వాను. సాయంత్రం పార్సిలు కోసం వచ్చిన వాళ్లందరికీ చెప్పాను. మునిశేఖర్ మాత్రం నవ్వలేదు. అదే యంత్రం తెప్పించుకోవాలని చూస్తున్నాడట. "మీ అన్న మాట విన్నాక ఇంక కొనేది లేదమ్మా, తువ్వాలు ఆరేసుకునేదానికి తీగుండాది కదా" అన్నాడు. చూశారా, మదనపల్లెలో కూర్చుని కుప్పంలో ఒక మనిషిని కాపాడారు.

తేజస్విని ఈ నెల రెండు ఆదివారాలు సెలవు పెట్టకుండా పనిచేసింది. పిల్ల అలిసిపోతోంది. అయినా వచ్చీ రాగానే నా దగ్గర కూర్చుంటుంది.

గిన్నె విషయం. మీరు నిజం రాయమన్నారు కనుక రాస్తున్నాను. గిన్నె చిల్లిపడలేదు, కరిగిపోయింది. తగరపు గిన్నెను నీళ్లు పోయకుండా పొయ్యి మీద పెట్టకూడదని కోడలికి తెలియదు. వట్టి గిన్నె పెట్టి మంట వెలిగించింది. తప్పు పూర్తిగా ఆమెదే.

మీ చెల్లెలు,
సుబ్బలక్ష్మమ్మ.

~

మదనపల్లె,
22-8-2024.

సుబ్బలక్ష్మమ్మకు,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు కలం పట్టలేదు. పట్టి ఉంటే కాగితం కాలిపోయేది.

మొదట చిన్న సంగతి. నా దగ్గు తగ్గిందని నేను ఎప్పుడు రాశాను? తగ్గలేదు. నా ఉత్తరాన్ని నువ్వు చదువుతున్నావా, తిరగమోత పెడుతూ పక్కన పెట్టుకుంటున్నావా? నేను కోపంతో రాస్తే నువ్వు సంతోషం కలిగిందని జవాబిస్తావు. నన్ను ఎగతాళి చేయడం ఎప్పటినుంచి మొదలుపెట్టావు?

ఇక గిన్నె. వట్టి తగరపు గిన్నెకు మంట తగలకూడదన్నది మన ఇళ్లలో పదేళ్ల ఆడపిల్లకు తెలుసు. పప్పుకట్టు పోసి పెట్టాలి, పొంగగానే దించాలి. ఇది వేదం కాదు, వంట. పెట్టెలు చించడం వచ్చు, వేలితో ఆర్డరు పెట్టడం వచ్చు, మనుషుల రక్తంలో చక్కెర ఎంతో చెప్పడం వచ్చు. పొయ్యి మీద ఏది పెట్టాలో రాదు. కరిగితే ఏం, పార్సిలులో ఇంకొకటి వస్తుందనుకుని ఉంటుంది. ఆ గిన్నె ఏ పార్సిలులోనూ రాదు. అమ్మ రాదు కనుక.

నిర్ణయం నేనే చేశాను. వినాయక చవితి వెళ్లిన రెండో ఆదివారం, అంటే సెప్టెంబరు పదిహేనున, నేను కుప్పం వస్తున్నాను. నీ బట్టలు సర్దుకో. నిన్ను వెంటబెట్టుకుని వస్తాను. ఆ ఇంట్లో మిగిలిన అమ్మ వస్తువు నువ్వొక్కదానివే. నిన్ను కూడా కరిగించనివ్వను.

ఉమాపతి.

~

కుప్పం,
2-9-2024.

పూజ్యులైన అన్నయ్య గారికి,
సుబ్బలక్ష్మమ్మ నమస్కారాలు.

పదిహేనో తేదీ మీరు వస్తున్నారని, నన్ను మీ ఇంటికి రమ్మని అడుగుతున్నారని తేజస్విని చెప్పింది. రండి. వచ్చినాక మాట్లాడుకుందాం. వచ్చేటప్పుడు పుంగనూరులో దిగితే జిలాన్ అంగడిలో మన గిన్నె సిద్ధంగా ఉంటుందట, తీసుకురండి. అందులోనే చారు పెట్టి మీకు పోస్తాం.

వీధిలో వాళ్లకు మీరు వస్తున్నారని చెప్పాను. షాహిదా భయపడుతోంది. "ఆ సార్ ముందర నా పెట్టె విప్పొద్దు" అంది.

మీ చెల్లెలు,
సుబ్బలక్ష్మమ్మ.

~

మదనపల్లె,
23-9-2024, సోమవారం.

చిరంజీవి సౌభాగ్యవతి తేజస్వినికి,
నీ భర్త మేనమామ ఉమాపతి ఆశీర్వదించి రాయునది.

ఈ కవరులో రెండు కాగితాలున్నాయి. ఇది నీకు. మీ అత్తకు చదివి వినిపించవద్దు. నీకు పెళ్లయిన ఈ ఆరేళ్లలో నేను నీ పేరున ఉత్తరం రాయడం ఇదే మొదలు. నిన్ను గురించి రాసినవి మాత్రం చాలానే ఉన్నాయి. అవన్నీ నీకు తెలుసని నాకు ఇప్పుడు తెలుసు.

కరిగిపోయిన గిన్నె సిద్ధంగా ఉందని మీ ఉత్తరంలో ఉంటే, ఏది నిజమో తేల్చుకోవడానికి పదిహేనో తేదీ ఉదయం పుంగనూరులో దిగి జిలాన్ అంగడికి వెళ్లాను. నేను అక్కడి బడిలో పనిచేసినప్పుడు వాడు నా శిష్యుడు. ఏడవ తరగతి వాడికి ఎంతగా నచ్చిందంటే రెండేళ్లు కూర్చున్నాడు. గిన్నె అడిగితే కొత్తగా కళాయి పోసిన ఇత్తడి గిన్నె తెచ్చి నా ముందు పెట్టాడు. ఇది మా గిన్నె కాదన్నాను.

"మీ గిన్నె యాడుండాది సార్, ముద్దయిపోయింది కదా. తగరం ముద్దతో మళ్లా గిన్నె చేసేది నాకు రాదు. మీ చెల్లెలి కోడలుండాది కదా, ఆ పాప పోయిన నెల ఈ ఇత్తడి గిన్నె తెచ్చి, 'జిలానన్నా, ఆ తగరమే దీనికి లోపల పూయి, వేరేది కలపొద్దు' అనింది. అదే పూసినా. మీ అమ్మ గిన్నె దీని కడుపులో ఉండాది."

"కరిగించిందీ ఆమే కదా" అన్నాను.

"ఆ పాపా? కాదు సార్. మీ చెల్లెలే. కండ్లు సరిగ్గా కానరావు కదా. నీళ్లు పోసినానని అనుకోని పొయ్యి మింద పెట్టి, వాకిట్లో ఎవురో పార్సిలు అని పిలిస్తే పోయిందంట. పాప పనినించి వచ్చి సూస్తే పొయ్యంతా తగరమంట. అత్తకు బాధవుతాదని చిల్లిపడిందని చెప్పినాదంట. మీకు తెలీదా సార్?"

తెలుసునన్నాను. జిలాన్ నా ముఖం చూసి స్టూలు జరిపాడు.

"మీ ఉత్తరాలు చదివేదీ, ఆయమ్మ చెప్పింది రాసేదీ అంతా పాపే కదా. ఈడనే కూర్చోని నవ్వింది సార్. 'నన్ను తిట్టింది నేనే చదవల్ల జిలానన్నా. ఆడికొస్తానే దాటేసి, దగ్గు తగ్గిందని కలిపి చదువుతా' అని. నవ్వి నవ్వి కండ్లు తుడుచుకునింది. 'మీ సార్‌కు అత్త కండ్ల సంగతి తెలిస్తే తీసకపోతాడు. ఆడ అత్త ఒక్కతే గోడల్ని తడుముకుంటా కూర్చోవల్ల' అనింది. మీకు చెప్పొద్దనింది సార్. నాకు మాట దాగదు, బడిలోనూ దాగలేదు."

కుప్పం బస్సులో గిన్నెను ఒడిలో పెట్టుకుని కూర్చున్నాను. మీ అత్త దస్తూరీ కుదుటపడిందని మెచ్చుకున్నవాణ్ని నేను. ఆమె నన్ను "మీరు" అనడం నేర్చుకుందని మురిసినవాణ్ని నేను. లక్ష జవాబు పత్రాలు దిద్దిన కళ్లు ఇవి. పలమనేరు దాకా వాటిని మూసుకునే కూర్చున్నాను.

శనివారం మిగిలిపోయిన పెట్టెల కోసం ఆ ఆదివారం సాయంత్రం మీ హాలులో జరిగింది నువ్వు రోజూ చూసేదే. కాబట్టి నీకు చెప్పనవసరం లేదు. కాని నేను చూసింది నువ్వు చూసి ఉండవు. మీ అత్త తలుపుకు ఎదురుగా కుర్చీలో కూర్చుంది. చెప్పుల చప్పుడు వినగానే తల ఎత్తింది.

"ఎవురదీ, షాహిదానా? నీ పెట్టె కిటికీ కింద ఉండాది సూడు. తేలిగ్గా ఉండాది, మళ్లా చున్నీలేనా?"

"మీరు మోసి సూసినారా అమ్మా?"

"మొయ్యకుంటే నాకు పొద్దెట్ల పోతాది? కూర్చోమ్మే, మా అన్న వచ్చిండాడు. కరవడులే."

ఆమె కూర్చుంది. తరువాత మునిశేఖర్ వచ్చాడు. ఆ తరువాత మరో ఇద్దరు. కొన్న వస్తువులన్నీ, నా అభిప్రాయంలో, చెత్త. ఆ అభిప్రాయం మారలేదు, మారదు. అరటిపండును చక్రాలుగా కోయడానికి యంత్రం కొన్న మనిషిని నేను ఏ శాస్త్రం ప్రకారమూ గౌరవించలేను. కాని ఆ చెత్తను తీసుకుపోవడానికి వచ్చిన ప్రతి మనిషీ పావుగంట కూర్చున్నాడు. కొడుకు జ్వరం, రైలు ఆలస్యం, పక్కవీధి తగాదా, అన్నీ ఆమె ఒడిలో పోసి, ఆమె దగ్గర రెండు చీవాట్లు తిని, పెట్టె చంకలో పెట్టుకుని వెళ్లాడు. నేను గిడ్డంగి అని రాసిన చోట ఒక కొలువు నడుస్తోంది.

నువ్వు వంటింట్లో ఉన్నప్పుడు ఆమెను అడిగాను. "వస్తావా?" అన్నాను.

"అన్నా, నీ ఇంటి తలుపు ఎవురు తడతారు?" అంది.

ఆలోచించాను. పాలవాడు తట్టడు, గేటుకు సంచి తగిలించి పోతాడు. కాళ్లు కడుక్కోవడానికి లేచాను.

రాత్రి భోజనంలో నువ్వు ఆ ఇత్తడి గిన్నెలో చారు తెచ్చి పోశావు. ఆమె ఒక గుక్క తాగి, గిన్నె అంచు తడిమి, "అమ్మ గిన్నెను బాగా అతికినాడే జిలాన్, రుచి యాడికీ పోలేదు" అంది. నువ్వు నా వైపు చూశావు. ఎదుటివారు తప్పు మాట్లాడితే తక్షణం సవరించడం నా వృత్తి, నా స్వభావం. "అవును, బాగా అతికాడు" అన్నాను. నాకు తెలుసని నీకు అప్పుడు అర్థమై ఉండాలి. గరిటె నీ చేతిలో ఆగింది.

ఉదయ్ కిరణ్ ఆమెను నెలనెలా బెంగుళూరులో కంటి డాక్టరుకు చూపిస్తున్నాడని మరుసటి ఉదయం స్టేషను దారిలో అతనే చెప్పాడు. చూపు ఇంతకంటే రాదని డాక్టరు అన్నాడట. ఉన్నది నిలిస్తే చాలునన్నాడట. ఇవన్నీ నాకు ఎందుకు చెప్పలేదని నేను అడగలేదు. అడిగే అర్హత నా ఆగస్టు ఉత్తరంతోనే పోయింది.

వస్తువు తెలియని పిల్లవని రాశాను. గిన్నె పోయినా తగరాన్ని పారేయకుండా దాచినదానివి నువ్వు. తప్పు పూర్తిగా ఆమెదేనని నీ మీద నువ్వే, నీ చేతితోనే, ఒక్క అక్షరం వణకకుండా రాసుకున్నావు. ఆ ఉత్తరాన్ని మళ్లీ తీసి చూశాను. నేను వెదికింది వణుకు. దొరకలేదు.

క్షమించమని అడగడం నాకు చేతకాదు. బడిలో ఎవరూ నేర్పలేదు, నేనూ ఎవరికీ నేర్పలేదు. బదులుగా ఒక ఏర్పాటు చేస్తున్నాను. తూర్పు గది మీ అత్త కోసం కాదు, మీ ముగ్గురి కోసం ఉంటుంది. సెలవులకు రండి. ఇక నా ఉత్తరాల్లో నువ్వు దాటవేయవలసిన వాక్యాలు ఉండకుండా చూస్తాను. నా వయస్సులో ఇది కొత్త అలవాటు. రెండో కాగితాన్ని మూడుసార్లు తిరగరాశాను. మొదటిసారి ఒక పుట ఉంది. కొట్టివేయగా ఇంతే మిగిలింది. దాన్ని మొదటి నుంచి చివరి దాకా, ఏమీ కలపకుండా, చదివి వినిపించు.

ఇట్లు,
నీ పెదనాన్న,
ఉమాపతి.

~

మదనపల్లె,
23-9-2024.

చిరంజీవి సుబ్బలక్ష్మమ్మకు ఆశీస్సులు.

క్షేమంగా చేరాను. నువ్వు అడిగిన ప్రశ్నకు అక్కడ జవాబు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను.

మొన్న గురువారం గంగులప్ప ఇంట్లో ఎవరూ లేరు. వాళ్ల పార్సిలు తెచ్చిన మనిషి మన గేటు దగ్గర నిలబడి, "పెద్దాయనా, ఇది ఈడ పెట్టుకుంటారా?" అన్నాడు. ఇదివరకు రెండుసార్లు కుదరదని పంపాను. ఈసారి పెట్టమన్నాను. సాయంత్రం గంగులప్ప వచ్చి తలుపు తట్టాడు. లోపలికి రమ్మన్నాను. పెట్టెలో ఏముందని నేను అడగలేదు. ఆయనే విప్పి చూపించాడు. వీపు గోక్కునే పరికరం. బ్యాటరీతో పనిచేస్తుందట. నేనేమీ అనలేదు. ఆయన గంటసేపు కూర్చున్నాడు. ఆయన భార్యకు మోకాళ్ల నొప్పులని, నడిచే యంత్రం ఆమె కోసం కొన్నాడని, ఆమె దాని మీద ఎక్కలేకపోయిందని ఇన్నేళ్ల పొరుగులో నాకు తెలియదు.

ఇకమీదట పెట్టెలు ఇక్కడ పెట్టవచ్చునని చెప్పాను. నిన్న మూడు వచ్చాయి. ఒకటి తేలిగ్గా ఉంది. చున్నీలు అయి ఉండవచ్చు.

దగ్గు తగ్గింది.

అన్న,
ఉమాపతి.